సుక్రు తాతకి నేను తెచ్చిన తోడు

ముందే చెప్తున్నా, ఎవ్వరూ నవ్వకూడదు. మొన్నామధ్య నేనొక పెద్దాయన ఒంటరితనం పోగొట్టాను. మళ్ళీ దొరక్కుండా పోగొట్టాను! దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాను.

నాకు పోస్టింగ్ డుంబ్రిగుడ దగ్గర ఒక కొండ ఊళ్ళో అని తెలుసుగా. సబ్‌సెంటర్ అంటే ఒక గది, ఒక వరండా, ఒక నర్సు. వెళ్ళి మూడు నెలలైంది. ఊళ్ళో ఎవరికి బీపీ ఉందో, ఎవరికి షుగర్ ఉందో చెప్పమంటే నిద్రలో లేపినా చెప్తాను. ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం తెలీదు. కొంప మునిగింది అక్కడే.

ఈలోగా మాకో ట్రైనింగ్ పెట్టారు. పెద్దవాళ్ళకి మాత్రలొక్కటే చాలవు, పక్కన కూర్చుని నాలుగు మాటలాడే మనిషి కావాలి, మీ ఊళ్ళో ఒంటరిగా ఉండేవాళ్ళని వెతికి పట్టుకోండి అన్నారు. నాకెంత నచ్చిందో! నోట్సు రాసుకున్నాను. తిరుగు జీపులో పన్నెండు మంది మధ్య ఇరుక్కుని కూర్చుని కూడా అదే ఆలోచన, మా ఊళ్ళో ఎవరున్నారా అని.

మర్నాడే దొరికాడు. సెంటర్ కిటికీలోంచి చూస్తే ఎదురుగా కాఫీ తోట, దాని పైన ఒక పెద్ద నల్ల బండ. ఆ బండ మీద సుక్రు తాత. ఒక్కడే. చేతిలో చుట్ట. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే. మధ్యాహ్నం భోజనాలవగానే ఎక్కుతాడు, ఎండ దిగాక దిగుతాడు. నా గుండె తరుక్కుపోయింది.

మా ఆశా వర్కరు చిలకమ్మ మందులు సర్దుతోంది. "చిలకమ్మా, ఆ తాత ఒక్కడే ఉంటాడా?" అన్నాను.

తలెత్తకుండానే, "ఆఁ, ఒక్కడే ఉంతాడండి. రోజూ" అంది.

అంతే! ఆవిడ బండ మీద సంగతి చెప్పింది. నేను బతుకు మొత్తం సంగతి అనుకున్నాను. ఇంకో ప్రశ్న అడిగితే నోరేమైనా అరిగిపోతుందా? అడగలేదు. రిజిస్టర్‌లో ఎర్ర పెన్నుతో "ఒంటరితనం" అని రాసి కింద గీత కూడా గీశాను.

తర్వాత మంగళవారం ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ పోగుచెయ్యమన్నాను. కొండెక్కాక నేను సైగ చేస్తే పాడాలని మాత్రం చెప్పాను. ఎందుకో చిలకమ్మకి కూడా చెప్పలేదు, సర్‌ప్రైజ్ మరి! పదకొండు మంది వచ్చారు. ఎక్కువ మంది ముసలమ్మలే. ఒక తాత తుడుం, అదే వాళ్ళ డప్పు, కూడా పట్టుకొచ్చాడు. నేను ఫ్లాస్కులో టీ, బిస్కెట్ ప్యాకెట్లు, బీపీ మెషిన్ సంచిలో వేసుకున్నాను. చిలకమ్మని కూడా తీసుకుని బయల్దేరాం.

ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది. వీళ్ళందరికీ కీళ్ళనొప్పుల మాత్రలు ఇచ్చేది నేనే కదా, వాళ్ళేమో మేకల్లా ఎక్కిపోతున్నారు! నేను సగం దారిలో కాఫీ మొక్క పట్టుకుని ఆయాసపడుతున్నాను. గురుబారి అని ఒక అవ్వ, నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే వెనక్కొచ్చి, నా సంచి లాక్కుని, నా చెయ్యి కూడా లాగింది. "బేగి రాయే గుంటా, టీ సల్లారిపోద్ది!"

పైకి చేరాం. సుక్రు తాత కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకున్నంత సుఖంగా చెట్టుకి ఆనుకుని ఉన్నాడు. ఎంత దిగులో అనుకున్నాను. సైగ చేశాను. తుడుం ఒక్కసారి ధనధనలాడింది, అందరూ పాట ఎత్తుకున్నారు.

తాత ఎగిరిపడ్డాడు! చుట్ట ఒకపక్క, ఆయనొకపక్క. మా మొహాలు చూసి, "ఎవులు సచ్చిపోనారు?" అని అడిగాడు.

నేను గబగబా వెళ్ళి, "ఎవరూ పోలేదు తాతా! నువ్వు ఒక్కడివే ఉంటున్నావు కదా, నీకు తోడుగా వచ్చాం" అన్నాను. ఆ మాట నేనన్నప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి తెలుసా!

"నానొక్కడినా?" అన్నాడు తాత. "మా ఇంట పద్నాలుగు మందిమమ్మా! ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మనవలు, టీవీ, రెండు కుక్కలు. ఇక్కడికి ఎవులూ రారనే కదా నానొచ్చి కూకుంతన్నాను!"

పాట ఆగిపోయింది. గురుబారి అవ్వ ముందుకొచ్చింది. నడుం మీద చేతులు.

"అయితే సోడి సేనుకి కాపలా ఎవులు కాత్తన్నారు?"

తాత వంగి పడిపోయిన చుట్ట వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను మెల్లగా చిలకమ్మ చెవిలో, "ఈవిడ తాతకేమవుతుంది?" అని అడగాల్సొచ్చింది.

"ఆయన పెళ్ళామండి."

ఇంకేముంది! రోజూ సోడి చేలో, అంటే రాగి చేలో, కోతుల్ని తోలొస్తానని చెప్పి వస్తున్నాడట. చేనేమో కొండకి ఆ పక్కనుంది. అవ్వ లెక్కలన్నీ అడిగింది, ఆదివాసీ ఒరియాలో కొంత, తెలుగులో కొంత. నాకర్థమవ్వాలని కాబోలు, ఘాటైనవన్నీ తెలుగులోనే. ఏం చెయ్యాలో తోచక నేను తాతకి బీపీ చూశాను. జన్మలో అంత ఎప్పుడూ లేదు ఆయనకి.

ఆఖరికి టీ అందరికీ పోసింది అవ్వే. బండ మీద చుట్టూ చూసి, "సల్లగా బాగుందర్రా ఇక్కడ. ఇన్నేళ్ళూ ఈ ముసిలోడు ఒక్కడే అనుభవించేసినాడు" అంది.

ఆ వారం నుంచి ముసలమ్మలందరూ రోజూ అక్కడే. పాటలు, అడ్డపొగలు, కోడళ్ళ మీద చెప్పుకునే చాడీలు. నిజం చెప్పాలంటే పని బ్రహ్మాండంగా జరిగింది. నిద్ర పట్టట్లేదని వచ్చేవాళ్ళు రావడం మానేశారు. నొప్పుల మాత్రలు డబ్బాలో అలాగే మిగిలిపోతున్నాయి. మా డాక్టర్ మేడమ్ ఫోన్‌లో "చాలా బాగా చేశావమ్మా" అంది. నేను కూడా "థ్యాంక్యూ మేడమ్" అన్నాను, సిగ్గు లేకుండా.

తాత సంగతంటారా? నాలుగో రోజు మధ్యాహ్నం సెంటర్‌కి వచ్చాడు. బీపీ చూశాను. బాగానే ఉంది. అయినా లేవడు. గది నాలుగు మూలలూ చూశాడు.

"గుంటా, ఈ ఏళప్పుడు ఇక్కడికెవులైనా వస్తారేటి?"

"మధ్యాహ్నం ఎవరూ రారు తాతా. అందరూ బండ మీదే కదా."

"అలాగా" అని, లేచి వెళ్ళి కిటికీ పక్కనున్న నా కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళు చాపాడు. కళ్ళు మూశాడు. ఏమనగలను? ఆయన బండ ఊడగొట్టింది నేనే కదా!

ఇప్పుడు రోజూ అంతే. నేను వరండా మెట్ల మీద కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటున్నాను. నిన్న స్టాంపు ప్యాడ్ కావాల్సొచ్చి నా గది తలుపు నేనే మెల్లగా తట్టాను. లోపల్నించి కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"బేగి తీసుకుని ఎల్లిపో. ఎల్తా ఎల్తా తలుపెయ్యి."

వేసి వచ్చాను.