చెన్నై సర్వరు, ముంబయి కాపీ

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది ఆగస్టులో, అల్లూరులోని మా రొయ్యల రైతుల సంఘం కొత్త వెబ్‌సైటు పెట్టాలని తీర్మానించింది. నేనప్పుడు సంఘంలో సిస్టమ్స్ మేనేజరును. కంప్యూటర్ల విభాగంలో నాకు పైన ఎవరూ లేరు, కింద ఒక్కరే ఉన్నారు: డిప్యూటీ మేనేజరు రఫీ. నెల్లూరువాడే. బెంగళూరులో కొన్నేళ్లు పనిచేసి వచ్చి మా దగ్గర చేరాడు, ఇంకా ఏడాది నిండలేదు. వెబ్‌సైటుకు హోస్టింగ్ సంస్థను ఎంచుకునే పనిని మా ప్రెసిడెంటు పెంచలరెడ్డి గారు అతనికి అప్పగించారు.

"నువ్వు చూసుకో రఫీ. వసుంధరమ్మ ఎట్టా ఉండనే ఉండాది, ఏమన్నా కావాలంటే అడుగు" అన్నారు, నా ఎదుటే.

ఆ మాట నాకు చాలారోజులు గుచ్చుకుంది. సంఘంలో మొదటి కంప్యూటరుకు ప్లగ్గు పెట్టింది నేను. రైతుల ఖాతాలన్నీ కాగితం మీదినుంచి కంప్యూటరులోకి ఎక్కించింది నేను. ఇప్పుడు అందరూ అతని బల్ల చుట్టూ చేరి నవ్వుతుంటే, నా గది తలుపు నేనే వేసుకునేదాన్ని. అందరికీ నేను మేడం. అతనికి మాత్రం మొదటి రోజునుంచే 'అక్కా'. ఆ చనువు చూసినా నాకు ఒళ్లు మండేది.

హోస్టింగ్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. వెబ్‌సైటు అంటే కొన్ని ఫైళ్లు, ఒక డేటాబేసు. వాటిని కరెంటూ ఇంటర్నెట్టూ పోని చోట ఒక సర్వరులో ఉంచాలి. ఆ చోటు అద్దెకిచ్చేదే హోస్టింగ్ సంస్థ. చవక రకంలో ఒకే సర్వరును ఎంతోమంది పంచుకుంటారు. పక్కవాడి సైటుకు జనం ఎగబడితే మనది నత్తలా నడుస్తుంది.

మాకు అది కుదరదు. మా సైటు రొయ్యల ధరలు చూపించడానికి మాత్రమే కాదు, పట్టుబడికి, అంటే గుంటల్లో రొయ్యలు పట్టడానికి, వరస ఇవ్వడానికి కూడా. తుపాను హెచ్చరిక వచ్చిందంటే, గట్లు తెగేలోపు రొయ్యలు తీసేయాలని గుంట ఉన్న ప్రతివాడూ పరుగెత్తుతాడు. వలలు లాగేవాళ్లూ ఐసు వ్యాన్లూ అందరికీ ఒకేసారి దొరకవు. ఫోన్ల మీద నడిపితే పలుకుబడి ఉన్నవాడి గుంటకే వ్యాను ముందు పోతుంది. సైటులో వరస అందరి కళ్ల ముందూ ఉంటే చిన్న రైతుకు న్యాయం జరుగుతుందని సంఘం ఉద్దేశం. అలాంటి రోజున సైటు ఆగిపోతే కొందరి పంట సముద్రం పాలే.

రఫీ చెన్నైలోని ఒక సంస్థను ఎంచుకున్నాడు. సర్వరులో మా వాటా మాకే విడిగా ఉంటుంది, ఫోను చేస్తే మనిషి పలుకుతాడు, దగ్గర్లో ఉంది కాబట్టి పేజీలు చకచకా తెరుచుకుంటాయి. కమిటీలో ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. సంతకాలకు ముందు పరీక్షించడానికి ఒక వారం కావాలని నేను అడిగాను. ఆ సంస్థలో ఏదో ఒక లోపం దొరకాలని మనసారా కోరుకుంటూ అడిగాను.

ట్రయల్ ఖాతా తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం కావాలని ఒక ఫిర్యాదు పంపాను. దీన్ని మా భాషలో టికెట్ అంటారు. కాఫీ చల్లారకముందే జవాబు వచ్చింది. కాఫీ చేదెక్కింది. మరునాడు ఒక పేజీ చెరిపేసి, బ్యాకప్‌లోంచి తెచ్చిపెట్టమన్నాను. తెచ్చిపెట్టారు. రేపు మేము వేరే సంస్థకు మారితే మా డేటా మొత్తం ఇస్తారా అన్నాను. ఇస్తామని ఒప్పందంలోనే రాసి ఉంది. వాళ్లు నెగ్గిన ప్రతి పరీక్షా రఫీ నెగ్గినట్టే అనిపించి నాకు అన్నం సయించలేదు.

చివరికి, బ్యాకప్ కాపీలు ఎక్కడ ఉంచుతారని అడిగాను. అదే ఆవరణలో, పక్క భవనంలో అన్నారు. నా గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. మా మీదికి వచ్చే వాయుగుండం చాలాసార్లు చెన్నైని కూడా ముంచే పోతుంది. సైటు అవసరమైన రోజే సర్వరూ బ్యాకప్పూ రెండూ నీళ్లపాలు కావచ్చు.

కమిటీలో ఆ మాట వీలైనంత గట్టిగా చెప్పాను. రఫీ వాదిస్తాడని, దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నిజమే అక్కా, నాకు తట్టనే ల్యా" అన్నాడతను. "ముంబయిలో వేరే సంస్థ దగ్గర ఇంకో కాపీ పెడదాం. గంటకోసారి అదే పోయేట్టు చేస్తా."

డొమైన్ పేరును కూడా ఆ రెండు సంస్థల దగ్గరా కాక మూడోచోట నమోదు చేయించాలన్నాను. సైటు పేరు కొట్టినవాళ్లను ఏ సర్వరుకు పంపాలో చెప్పే మీట అక్కడే ఉంటుంది. ఆ మీట కూడా చెన్నైలోనే ఉంటే, చెన్నై మునిగినప్పుడు దాన్ని తిప్పే దారి ఉండదు. దానికీ సరేనన్నాడు. నెల తిరక్కుండానే పెంచలరెడ్డి గారు వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టారు: "మావాడు రఫీ ముంబయిలో గూడా ఒకటి పెట్టినాడబ్బా!"

నవంబరులో తుపాను హెచ్చరిక వచ్చింది. తెల్లవారేసరికే పట్టుబడికి బుకింగులు మొదలయ్యాయి. పొద్దు ఎక్కేసరికి సైటు ఆగిపోయింది. గోగులపల్లి వైపునుంచి మస్తానయ్య అనే రైతు ఫోను చేశాడు.

"యాడికి పొయ్యింది మేడం మన సైటు? నా పేరు మూడోది ఉన్నింది, ఇప్పుడేం అగపళ్యా. వ్యాను పెద్దోళ్ల గుంటకు మళ్లిచ్చినారా ఏంది?"

చెన్నై సంస్థకు ఫోను చేస్తే, జనరేటర్ల గదిలోకి నీళ్లొచ్చాయన్నారు. నేను డొమైన్ ఖాతా తెరిచి సైటును ముంబయి వైపు తిప్పాను. రఫీ అక్కడి కాపీని సరిచూశాడు. కాసేపటికి రైతుల ఫోన్లలో వరస మళ్లీ కనిపించింది. చివరి కాపీ తర్వాత చేసుకున్న బుకింగులు మాత్రం అందులో లేవు. వ్యాన్ల డ్రైవర్లనూ రైతులనూ అడిగి ఆ పేర్లు మళ్లీ ఎక్కించాం. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మస్తానయ్య గుంటకు వ్యాను అతని వంతులోనే వెళ్లింది. సాయంత్రానికి వాన మా మీద పడింది. అతని గట్టు తెగిందని తర్వాత తెలిసింది. అప్పటికి గుంటలో రొయ్యలు లేవు.

సర్వసభ్య సమావేశంలో శాలువా రఫీకి కప్పారు. అతను మైకు తీసుకుని, చెన్నై ప్రమాదం కనిపెట్టింది వసుంధర మేడం అని స్పష్టంగా చెప్పాడు. అప్పటికే సగం మంది భోజనాలకు లేచారు, కుర్చీల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. నా పేరు దాచేసి ఉంటే అతన్ని తిట్టుకోవడానికైనా ఒక కారణం మిగిలేది. అదీ లేకుండా చేశాడు.

ఆ అసూయ తర్వాత కూడా పోలేదు. పోగొట్టుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు. నచ్చి ఎంచుకున్నవాడు ఆ సంస్థలో లోపం వెతకలేడని మాత్రం తెలుసుకున్నాను. ఆ తర్వాత మా విభాగంలోకి ఇంకొందరు వచ్చారు. పదవీ విరమణ దాకా, సర్వరైనా సాఫ్ట్‌వేరైనా ఎంపిక ఒకరికి ఇచ్చి, పరీక్షించే పనిని ఆ ఎంపిక తమ చేతికి రాలేదని రగిలిపోతున్నవాళ్లకు ఇస్తూ వచ్చాను. వాళ్లు ఏదీ చూడకుండా వదల్లేదు.