బావి కయ్యలో తుంగ

పెళ్లయి కుప్పం నుంచి మదనపల్లె దగ్గరి ఈ ఊరికి వచ్చేటప్పుడు, పుట్టింటి మట్టితో సహా కనకాంబరం నారు తెచ్చుకున్నాను. బావి నీళ్లు పారే మడిని ఇక్కడ కయ్య అంటారు; దాని గట్టున నాటాను. ఆ వానలకే కయ్యలో తుంగ లేచింది. అంతే, ఆ పాపం నా నెత్తికి చుట్టారు. "కుప్పం నుంచి తెచ్చిన సారె సూడండి" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చూపించేది.

తుంగ పీకితే పోయేది కాదు. కింద గడ్డకు గడ్డ గొలుసుగా ఉంటుంది. టమాటాకు మల్చింగ్ షీటు పరిస్తే దాన్నీ పొడుచుకుని పైకొస్తుంది. ట్రాక్టరు పెట్టి దున్నించి, ఆ గడ్డల్ని తునకలు చేసి కయ్యలో సగం దాకా పాకించింది మా ఆయన అన్న, మా బావ. పేరు మాత్రం నాది. ఇదే అత్త, తన కొడుకులకు పసితనంలో ఆ కయ్యలోని తుంగగడ్డలే నలుగుపిండిలో కలిపి రుద్దానని మురిసిపోయేది. మరి అప్పుడెవరు తెచ్చారని అడిగే నోరు నాకు లేకపోయింది. మా ఆయనకు ఉండీ అడగలేదు.

ఆయన పోయాక భాగాల మాట వచ్చింది. బావి పక్కన శుభ్రమైన నేల, అవతల తుంగ పట్టిన ముక్క. శుభ్రమైన దాంట్లో సగమన్నా వస్తేనే నేనూ నా కూతురూ బతికేది.

ఆ రోజుల్లోనే పుంగనూరులో రైతుల మీటింగుకు బావా నేనూ ఒకే బస్సులో వెళ్లాం. కలుపు గురించి చెప్పే ఆఫీసరు తెర మీద ప్రపంచ పటం వేశాడు. ఆఫ్రికా, దక్షిణ ఐరోపా, మన దేశం, ఇవన్నీ తుంగకు సొంత నేలేనట. ఇక్కడికి ఎవరూ తేనక్కర్లేదట. నాకు ఏడుపొచ్చింది. బావ మాత్రం శ్రద్ధగా వింటూ కూర్చున్నాడు.

తర్వాత పెద్దమనుషుల ముందు బావ తుంగ ముక్క మొత్తం నాకు చూపించాడు. "ఆయమ్మతో వచ్చిందే గదప్పా, ఆయమ్మకే ఇడిసిపెడతాండా."

"పుంగనూరులో మీరూ ఇన్నారు గదా బావా. అది ఈ నేలదేనంట."

"ఇన్నాలేమ్మా. గడ్డి ఈడిదే. నువ్వు ఈడిదానివా?"

ఎవరో నవ్వారు. బిడ్డను కన్నదీ, మొగుణ్ని సాగనంపిందీ ఈ ఊళ్లోనే అని చెప్పాల్సింది. ఆ ముక్కే నాకు రాశారు.

ఇప్పుడు నేను పారతో గడ్డలు తవ్వుతుంటే, గట్టవతల నుంచి "బాగుండావా అమ్మా" అని పలకరిస్తాడు. ఒళ్లు మండిపోతుంది. వంచిన తల ఎత్తను.