పౌండ్ల మేస్త్రి బిగించిన చక్రం

మా అక్క మొగుణ్ణి మా వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పౌండ్ల మేస్త్రి అంటారు. అందులో సగం గౌరవం, సగం వెటకారం. లోకమంతా మిల్లీమీటర్లలోకీ న్యూటన్లలోకీ మారిపోయినా మా బావ మాత్రం అంగుళాల్నీ పౌండ్లనీ పట్టుకుని వేలాడుతున్నాడు. ఆయన చెయ్యి తిరిగింది అమెరికా కార్ల మీద, అదీ కారణం.

కుర్రతనంలో లారీల షెడ్డులో గ్రీజు పూసేవాడట. ఆ షెడ్డు వెనక, ముందు భాగం నుజ్జయిన అమెరికా స్పోర్ట్స్ కారు ఒకటి వానకి తడుస్తూ పడి ఉండేది. దాన్ని ఒక్కో ముక్కా విప్పి, కడిగి, మళ్లీ కూర్చి ఒక సెలవురోజు స్టార్ట్ చేశాడు. ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారి గర్జించేసరికి రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయట. మా అక్కతో మొదటిసారి మాట్లాడినప్పుడు కూడా ఈ పావురాల కథే చెప్పాడు. అది విని అక్క ఎలా ఒప్పుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత సొంత షెడ్డు పెట్టాడు. ముందు గదిలో బల్ల నాది. ఫోన్లు, స్పేర్ పార్టులు, కస్టమర్ల సణుగుడు నా వాటా. వెనక రెండు లిఫ్టులు: ఎడమది అమెరికా కార్లకి, కుడిది యూరప్ కార్లకి. కుడి లిఫ్టు కింద పనిచేసేటప్పుడు బావ మొహం ఆముదం తాగినట్టు ఉండేది. "ఒక్క బల్బు మార్చాలంటే బంపరు విప్పమంటోంది మరదలా! ఇది కారా, అలిగిన అత్తగారా?" అని లోపల్నుంచి అరిచేవాడు. "అత్తగారైతే మీకు దొరికేదే కాదు" అని నేనూ అరిచేదాన్ని.

ఆయన కూతురు ఆ షెడ్డులోనే టైర్ల మీద కూర్చుని పెరిగింది. ఇప్పుడు ఒక కార్ల పత్రికలో టెస్ట్ డ్రైవరు. కొత్త స్పోర్ట్స్ కార్లని ట్రాక్ మీద తోలి, ఏది ఎలా ఉందో రాయడం దాని ఉద్యోగం. అక్కడే తండ్రికీ కూతురికీ చెడింది. దానికి యూరప్ కార్లంటే ప్రాణం.

"అమెరికా ఇంజను పెద్దది. తొక్కితే చాలు, లాగేస్తుంది. నీ జర్మనీది ఏడువేల చుట్లు తిప్పితే గానీ ఒళ్లు విరుచుకోదు" అని అన్నం దగ్గర మొదలుపెట్టేవాడు.

"తిన్నటి రోడ్డు మీద ఎవడైనా పోతాడు నాన్నా. మలుపులో తెలుస్తుంది ఎవరి సంగతేంటో. జర్మనీ కారు స్టీరింగ్ పట్టుకుంటే చక్రం కింద ఏం జరుగుతోందో చేతికి తెలిసిపోతుంది."

"మలుపులో నెమ్మదిగా పొమ్మనే కదా బోర్డు పెట్టారు!"

"సరే, ఇప్పటి అమెరికా కార్లూ బాగానే తిరుగుతున్నాయిలే" అని అది ఒక మెట్టు దిగేది. బావ మొహం వెలిగేలోపే "బరువే కాస్త ఎక్కువ" అని మళ్లీ ఎక్కేది. ఇద్దరూ ఇద్దరే. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లు. దాని రాత పత్రికలో వచ్చినప్పుడల్లా బావ నాతో చదివించుకుని, "అంతా అబద్ధం" అని తీర్పు చెప్పి, ఆ పత్రికని మడిచి పనిముట్ల అలమరలో దాచుకునేవాడు. వాళ్లిద్దరూ ఒకరినొకరు ముద్దుచేసుకునే పద్ధతే అది అని నాకు తెలుసు కాబట్టి ఏనాడూ మధ్యలో వేలు పెట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే పిల్ల ఒక జర్మనీ కారు తోలుకొచ్చింది. దాని వెనకే పత్రిక ఫొటోగ్రాఫరు ఒక అమెరికా కారు తెచ్చాడు. రెండింటినీ ఒకే ట్రాక్ మీద, ఒకే రోజు, పక్కపక్కన పెట్టి తేల్చాలని పత్రికవాళ్ల ఆలోచన. మామూలు చక్రాలు తీసి, ట్రాక్ టైర్లు వేసిన చక్రాలు బిగించాలి. ఆ పని మా షెడ్డులోనే జరగాలని పిల్ల పట్టుబట్టిందట. బావ పైకి సణిగాడు గానీ, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

అమెరికా కారు ముందు అయిపోయింది. చక్రాల నట్లూ బోల్టులూ బిగించడానికి టార్క్ రెంచి వాడతారు. ఎంత బలంతో బిగించాలో దాని పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, అంత బలం చేరగానే టిక్కుమంటుంది. బావ రెంచి పాతది, పౌండ్ల లెక్కది. యూరప్ కార్లకి కూడా అదే వాడేవాడు. ఈ జర్మనీ కారుకి నూట అరవై న్యూటన్లు బిగించాలని పుస్తకంలో ఉంటే, అది పౌండ్లలో నూట పద్దెనిమిది అని ఎన్నడో లెక్కకట్టి బుర్రలో పెట్టేసుకున్నాడు. అలా బిగించిన చక్రం ఒక్కటీ వదులైన పాపాన పోలేదు.

న్యూటన్ల రెంచి కూడా ఒకటుంది. పిల్ల మొదటి జీతంతో కొనిచ్చింది. మేకుకి వేలాడుతూ కొత్తగానే ఉండిపోయింది.

"నాన్నా, ఇవాళ ఒక్కరోజు నేను కొన్న రెంచితో బిగించవూ? జర్మనీ కారుకి దాని లెక్కే ఉండనీ" అంది పిల్ల, గారంగా.

ఎప్పుడూ లేనిది బావ మారుమాట్లాడకుండా మేకు మీంచి ఆ రెంచి తీశాడు. పిడి తిప్పి అంకె పెట్టాడు. నాలుగు చక్రాలూ చుట్టి వచ్చాడు. పిల్ల పక్కనే నడుస్తూ ట్రాక్ సంగతులు చెబుతోంటే, ఆయన వింటూ, నవ్వుతూ, టిక్కు టిక్కుమనిపించాడు. చెయ్యి ఆయనకి ఏదో చెప్పే ఉంటుంది. వినే స్థితిలో లేడు, చెవులు రెండూ కూతురికి అప్పగించేశాడు.

రెండు కార్లూ వెళ్లిపోయాయి. నేను ఫోన్లో ఒక కస్టమరుతో గొడవపడుతున్నాను. బావ రెంచిని గుడ్డతో తుడిచి, మేకుకి తగిలించబోయే ముందు పిడిని వెనక్కి తిప్పడానికి పట్టుకున్నాడు. లోపలి స్ప్రింగు సడలించి గానీ ఏ రెంచినీ తగిలించడాయన. తిప్పబోతున్న చెయ్యి ఆగిపోయింది.

"మరదలా" అన్నాడు.

ఆ పిలుపుకి నేను ఫోను పెట్టేశాను. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. రెంచి నా ముందుకి చాపాడు. "ఇక్కడ అంకె ఎంతుందో చదువు. నేను సరిగ్గా చూశానో లేదో."

నూట పద్దెనిమిది.

"నూట అరవై పెట్టాలి. ఇది న్యూటన్లది. నేను పౌండ్ల అంకె పెట్టాను. అన్ని చక్రాలకీ" అన్నాడు. బిగించాల్సిన దాంట్లో ముప్పాతిక వంతు కూడా లేదు.

పిల్లకి ఫోన్ చేశాను. మోగలేదు. కొత్త కార్ల ఫొటోలు బయటికి పోకుండా ట్రాక్‌వాళ్లు ఫోన్లన్నీ ఆపించి గేటు దగ్గరే పెట్టించుకుంటారు. ఫొటోగ్రాఫరుదీ అంతే. ట్రాక్ ఆఫీసు నంబరు మోగి మోగి ఆగిపోయింది. పత్రిక ఆఫీసులో ఒకావిడ తీరిగ్గా "మావాళ్లు చేరుకునే ఉంటారండీ, సాయంత్రం చేయండి" అంది. "సాయంత్రానికి ఎవరుంటారే!" అని అరిచేశాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

"మీ అక్కకి చెప్పకు" అంటూ బావ బయటికి పరిగెత్తాడు. అక్క పైన ఇంట్లో బట్టలు ఆరేస్తోంది. పైనుంచి ఏదో అడిగింది కూడా. మేం అప్పటికే మా పాత వ్యాన్ దగ్గరున్నాం.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అది మా వ్యాన్‌ని చూసే పుట్టి ఉంటుంది. ఊళ్లోవాళ్ల కార్లని గుర్రాల్లా పరిగెత్తించే మనిషి సొంత బండి నలభై దాటితే దగ్గుతుంది. బావ రెండుసార్లు ప్రయత్నించినా తాళం దూరలేదు. నేను లాక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"తొక్కు" అన్నాడు.

"తొక్కుతూనే ఉన్నా బావా."

"ఆ ట్రాక్‌లో తిన్నటి దారి ఒకటుంది. దాని చివర పెద్ద మలుపు. రెండొందల వేగంలోంచి ఒక్కసారి బ్రేకు కొడుతుంది. బండి బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. తొక్కవే తల్లీ!"

నాతో అంటున్నాడో, బండితో అంటున్నాడో తెలియలేదు. ఊరు దాటాక మెట్ట ఎక్కుతుంటే ఇంజను వేడెక్కి ఆవిరి కక్కింది. ఇంకో రోజైతే దిగి ఒక్క నిమిషంలో సంగతి తేల్చేవాడు. ఆ రోజు డాష్‌బోర్డు మీద రెండు చేతులూ ఆన్చి, చంటిపిల్లని బతిమాలినట్టు దాన్ని బతిమాలాడు. వెనకాల లారీవాడు హారన్ కొడుతున్నాడు. నా కళ్ల నిండా నీళ్లు. రోడ్డు సరిగ్గా కనబడటం లేదు.

"దానికి నచ్చిన కారని నేను అశ్రద్ధగా చేశాననుకుంటుందా?" అన్నాడు ఉన్నట్టుండి.

"అలా ఎందుకనుకుంటుంది?"

"అనుకోవడానికి ఉండాలి కదా" అన్నాడు. అంటే, పిల్ల బతికుండాలి కదా అని. నేను ఇంకా గట్టిగా తొక్కాను.

గేటు దగ్గర కాపలావాడు నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాస్ అడిగాడు. బావ వాణ్ణి దాటి అడ్డు కర్ర దగ్గరికి పోయాడు. "చక్రాలు వదులుగా ఉన్నాయి, కారు ఆపించండి!" అని నేను అరిచాను. "ఏ కారండీ? లోపల చాలా ఉన్నాయి" అన్నాడు వాడు. ఆఫీసుకి ఫోన్ చేయమంటే, "ఇందాకట్నుంచీ మోగుతోందండీ, ఎవరూ లేరనుకుంటా" అన్నాడు. వాణ్ణి అక్కడికక్కడే పీక నొక్కాలనిపించింది.

అప్పుడు గోడ అవతల్నుంచి శబ్దం వచ్చింది. సన్నగా మొదలై, పైకి పైకి పోయే కేక. అమెరికా ఇంజను గొంతు వేరు, కడుపులోంచి వస్తుంది. ఇది అది కాదని నాకే తెలిసింది. బావకి తెలియకపోవడమేం?

"పిల్లే తోలుతోంది" అన్నాడు. "తిన్నటి దారిలో ఉంది."

కేక ఇంకా పైకి పోయింది. అంతలోనే తెగిపోయింది.

బ్రేకు చప్పుడు లేదు, గుద్దుకున్న చప్పుడూ లేదు. ఏమీ లేదు. బావ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మనిషి గొంతులోంచి అలాంటిది నేనెప్పుడూ వినలేదు. అడ్డు కర్ర కిందనుంచి దూరి పరిగెత్తాడు. మోకాలి నొప్పితో మెట్లెక్కలేని మనిషి. ఒకసారి బోర్లా పడ్డాడు. అరచేతులు చెక్కుకుపోయాయి. లేచి మళ్లీ పరిగెత్తాడు. వెనక నేను, నా వెనక ఈల ఊదుకుంటూ కాపలావాడు.

తిన్నటి దారి సగంలో, పక్కనున్న గడ్డి మీద జర్మనీ కారు నిలబడి ఉంది. తలుపు తెరిచి ఉంది. ముందు చక్రం దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని పిల్ల గొంతుక్కూర్చుని ఉంది.

అది లేచి నిలబడి "నాన్నా?" అంది.

బావ దాన్ని ముట్టుకోలేదు. రెండడుగుల దూరంలో ఆగిపోయి, పైనుంచి కిందికి చూశాడు. రెండు చేతులూ, రెండు కాళ్లూ ఉన్నాయని లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు. నేనైతే వెళ్లి దాన్ని వాటేసుకుని భోరుమన్నాను.

"ఏం కాలేదు పిన్నీ. స్టీరింగ్ సన్నగా వణికింది. ఏదో తేడాగా ఉందని బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు వదిలేసి నెమ్మదిగా పక్కకి తెచ్చా" అంది. ఎడమ ముందు చక్రానికి ఒక బోల్టు లేదు. మిగతావి వేళ్లతోనే తిరుగుతున్నాయి.

"కొత్త రెంచి మీద నూట పద్దెనిమిది పెట్టాను" అన్నాడు బావ.

పిల్లకి ఇంకేమీ విప్పి చెప్పక్కర్లేకపోయింది. కళ్లు మూసుకుని తెరిచింది. "పౌండ్ల అంకె" అంది.

"అవునమ్మా."

"నేనే కదా నీ రెంచి వద్దన్నది" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తప్పులో పిసరంత కూడా కూతురికి ఇవ్వదల్చుకోలేదు.

ట్రాక్‌వాళ్ల బండి మీద ఫొటోగ్రాఫరు వచ్చాడు. సంగతి విని, "ఎవరు బిగించినా బయల్దేరే ముందు నువ్వోసారి చూసుకుంటావు కదా, ఇవాళేమైంది?" అని పిల్లని అడిగాడు. అది తండ్రి వైపు చూడకుండా, "నాన్న బిగించాడు కదా అని చూడలేదు" అంది.

ట్రాక్ షెడ్డు నుంచి కొత్త బోల్టూ న్యూటన్ల రెంచీ తెప్పించారు. బావ చెయ్యి చాపాడు. అరచేతిలోంచి రక్తం కారుతోంది. "నేను చేస్తాలే నాన్నా, కూర్చో" అంది పిల్ల. కసరలేదు, విసుక్కోలేదు. చాలా మెత్తగా అంది. మెత్తగా అనకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది. తనే అంకె పెట్టి, ఫొటోగ్రాఫరుకి చూపించి, నాలుగు చక్రాలూ బిగించింది.

ఆ తర్వాత అందరం నడుచుకుంటూ ట్రాక్ షెడ్డు దగ్గరికి చేరాం. అమెరికా కారు నీడలో నిలబెట్టి ఉంది. పిల్ల దాని ముందు ఆగింది. లోపల్నుంచి పౌండ్ల రెంచి ఒకటి తెచ్చి, పుస్తకం తెరిచి అంకె చూసుకుంది.

"దాన్ని నా పాత రెంచితోనే బిగించానమ్మా. అది సరిగ్గానే ఉంటుంది" అన్నాడు బావ.

"ఉంటుంది నాన్నా" అంటూనే మోకాళ్ల మీద కూర్చుని మొదటి నట్టుకి రెంచి తగిలించింది. టిక్కుమంది. రెండోది టిక్కుమంది. అన్నీ ఆయన బిగించినట్టే ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు. అయినా పిల్ల నాలుగు చక్రాలూ చివరిదాకా చూసింది. బావ పక్కనే నిలబడి ఆ చప్పుళ్లన్నీ విన్నాడు.