సిస్టరమ్మ ఇంటి ట్రిప్ స్విచ్

పోయిన వారం, రెండు రోజుల ముసురు తెరిపిచ్చిన ఉదయం, నాచారంలోని మా ఇంట్లో టప్పుమని ఒక చప్పుడైంది. ఫ్రిజ్ గురగుర ఆగింది. ఫ్యాన్ రెక్కలు నెమ్మదించాయి. ఎదురింట్లో టీవీ మోగుతూనే ఉంది కనుక కరెంటు పోయింది మా ఇంటి వరకే. బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే ట్రిప్ స్విచ్ పడి ఉంది. దాన్ని వెంటనే పైకి నెట్టలేదు. ముందు స్నానాల గదిలో ఉన్న మా అమ్మాయిని బయటికి పిలిచాను. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గదులకు పోయే చిన్న స్విచ్‌లన్నీ దించి, అప్పుడు ట్రిప్ స్విచ్ ఎత్తాను. నిలబడింది. చిన్నవి ఒక్కొక్కటే ఎత్తుతూ పోతే గీజర్‌ది ఎత్తగానే మళ్లీ పడింది. దాన్ని దించి ఉంచి, మిగతావి వేసి, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను. తర్వాత మా అమ్మాయిని అడిగాను, స్విచ్ పడ్డప్పుడు నువ్వేం చేస్తున్నావని. "గీజర్ పాడైతే నన్నడుగుతవేందమ్మా?" అంది. నేనడిగిన ఆ ప్రశ్న నిజానికి నాది కాదు, సిస్టరమ్మది.

ఆమె అసలు పేరు ఎస్తేరమ్మ. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, చిల్కానగర్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టుకుని కింద ఒక్కతే ఉండేది. గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె సిస్టరమ్మే. పెళ్లైన కొత్తలో నేనూ మా ఆయన రవీ ఆమె ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు దిగాం. ఇద్దరం నాచారం కంపెనీల్లోనే పనిచేసేవాళ్లం. ఆయన మెషిన్ షాపులో, నేను మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో. సిస్టరమ్మ తీయగా మాట్లాడే మనిషి కాదు. మేడ మెట్ల మీద చెప్పులు కనబడితే కిందికి విసిరేసేది. జలుబు చేసిందంటే మందు చెప్పదు. నిన్న ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, ఎప్పటి నుంచి అని గుచ్చి గుచ్చి అడిగేది. కూరగాయల బండి అతను కుంటుతూ వస్తే బేరం పక్కన పెట్టి కాలి సంగతి అడిగేది. ఆమె ఎదుటపడకుండా తప్పించుకు తిరిగేవాళ్లే ఎక్కువ. మొదట్లో నేనూ అంతే.

ఆ గల్లీలో ఎవరి ఇంట్లోనూ లేని రోజుల్లోనే ఆమె ప్రతి పోర్షన్‌కూ ట్రిప్ స్విచ్ పెట్టించింది. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే దాని గురించి మాకు చెప్పింది. "గుండెల నుంచి పోయిన రక్తం మల్ల గుండెకు రావాలె గదా. పోయినంత వస్తలేదంటే ఎక్కడ్నో కారుతున్నట్టు. కరెంటు గూడ గంతే. పోయినంత తిరిగొస్తలేదని తెలిస్తే గీ స్విచ్చు బంద్ జేస్తది. గా కారేది మనిషి ఒంట్ల నుంచి గూడ కావచ్చు." రవి తలూపాడు గానీ అతని ధ్యాస వంటగది కొలతల మీద ఉంది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక స్విచ్ పడటం మొదలైంది. ఒకరోజు పడేది, రెండు రోజులు ఊరుకునేది, మళ్లీ పడేది. ఎత్తితే నిలబడేది. అప్పుడు నాకు అయిదో నెల. డ్యూటీకి పోయే ముందు మిక్సీ ఆగిపోవడం, ఇస్త్రీ సగంలో చల్లారడం రవికి చికాకు తెప్పించేది. గోడలు చెమ్మగిల్లి అలా అవుతోందని పక్కింటివాళ్లు అన్నారు. స్విచ్చే పాతబడిందని ఇంకొకరు అన్నారు. చివరికి రవి యాదగిరి అనే ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చాడు. ఎండ కాసిన మధ్యాహ్నం వచ్చాడతను. ఫ్రిజ్, మిక్సీ, గీజర్ అన్నీ వేసి చూశాడు. స్విచ్ పడలేదు. "వానకాలం గిట్లనే సతాయిస్తదన్నా. గీ స్విచ్చు తీసేసి డైరెక్ట్ జేసిపోత, ఫికరే ఉండది" అన్నాడు.

సిస్టరమ్మ మెట్లెక్కి వచ్చి వాకిట్లో నిలబడింది. "నా ఇంట్ల డైరెక్ట్ జేసుడు నడ్వది" అంది. రవికి కోపం వచ్చింది. రోజూ ఇబ్బంది పడేది మేమని, ఇలాగైతే వేరే ఇల్లు చూసుకుంటామని అన్నాడు. "చూసుకోరి. పోయేటప్పుడు గూడ గా స్విచ్చు అట్లనే ఉండాలె" అంది ఆమె. యాదగిరి సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే రవి హబ్సిగూడలో ఒక ఇల్లు చూసొచ్చాడు. నాకూ వెళ్లిపోవాలనే ఉంది.

మరునాడు పొద్దున చినుకులు పడుతుండగా స్విచ్ మళ్లీ పడింది. దాన్ని ఎత్తడానికి పోతుంటే సిస్టరమ్మ పైకి వచ్చింది. అది పడ్డప్పుడు ఏవేవి వేసి ఉన్నాయో నేను వరసగా చెప్పబోయాను: ఫ్రిజ్ నడుస్తోంది, ఫ్యాన్ నడుస్తోంది.

"మిషన్ల ముచ్చట కాదు బిడ్డా. స్విచ్చు పడ్డప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

"బట్టలారేస్తున్న."

"మొన్న పడ్డప్పుడు?"

నేను ఆలోచించాను. మొన్న కూడా బట్టలే. బాల్కనీలో ఇనుప తీగ మీద.

"చేతులకేమన్న అయ్యిందా?"

అలా పడ్డప్పుడు ఒక్కసారి జివ్వుమంటుందని, తడి బట్టలు పిండిన తిమ్మిరి అనుకున్నానని చెప్పాను. ఆమె ముఖం మారలేదు. "గా తీగ ఎప్పుడు గట్టిన్రు?" అంది. వానలు మొదలై మేడ మీద బట్టలు ఆరకపోతుంటే, రవి బాల్కనీ గోడకు మేకు దిగగొట్టి కట్టాడని చెప్పాను. ఆమె నా భుజం పట్టుకుని లోపలి గదిలో కూర్చోబెట్టింది. మెయిన్ దించేసి, యాదగిరిని తీసుకురమ్మని రవిని పంపింది. బాల్కనీ తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా కుర్చీ లాగి తనే కూర్చుంది. యాదగిరి వచ్చేదాకా లేవలేదు.

అతను వచ్చి, మెయిన్, ట్రిప్ స్విచ్ ఎత్తి, టెస్టర్ ఆ మేకుకు ఆనించాడు. వెలిగింది. గోడలోంచి మేడ మీది లైటుకు పోయే వైరులో మేకు దిగింది. ఆ మేకూ, దానికి కట్టిన తీగా కరెంటుతో ఉన్నాయి. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి నేను తడి చీర వేసినప్పుడల్లా కరెంటు నాలోంచే నేలలోకి దిగింది. దిగిన ప్రతిసారీ ఆ స్విచ్ కట్ చేసింది. యాదగిరి వెళ్లి మెయిన్ దించేసి వచ్చాడు. తర్వాత "గోడకు మేకు గొట్టిన్రని నాకెవ్వలు జెప్పలే సిస్టరమ్మా" అన్నాడు.

"నువ్వడగలే" అంది సిస్టరమ్మ.

రవి మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఆమె అతన్ని ఏమీ అనలేదు. కిందికి వెళ్లి టీ పెట్టి ముగ్గురికీ తెచ్చింది. తీగ మీద బట్టలారేస్తూ కరెంటు తగిలి, తడి చీర చేతికి చుట్టుకునే ఉన్న ఆడవాళ్లను దవాఖాన క్యాజువాలిటీకి తీసుకొచ్చేవాళ్లని, అప్పటికి తాము చేయగలిగింది ఏమీ ఉండేది కాదని ఆ రోజే మొదటిసారి చెప్పింది. మేం ఆ ఇల్లు వదల్లేదు. మా అమ్మాయి అక్కడే పుట్టి, అక్కడే నడక నేర్చింది. నెలకోసారి స్విచ్ మీది టెస్ట్ బటన్ నొక్కి, అది పడుతోందో లేదో చూసే పని రవి తనే తీసుకున్నాడు. యాదగిరి ఎవరి ఇంటికి పోయినా ముందు గోడలన్నీ చూసి, మేకులు ఎవరు కొట్టారని అడిగేవాడట.

కొన్నేళ్లకు మేం నాచారం మారిపోయాం. తర్వాత సిస్టరమ్మకు పక్షవాతం వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉందని తెలిసి డ్యూటీ దిగి వెళ్లాను. మాట పోయింది. కుడిచెయ్యి లేవదు. ఎడమచేతి కింద పిలుపుగంట బటన్ పెట్టారు. నేనెళ్లేసరికి డ్యూటీ నర్సు ఆమె మంచం పక్కన విసుగ్గా నిలబడి ఉంది. చిన్న పిల్ల. "పొద్దటి సంది ఊకెనే ఒత్తుతుందక్కా. వచ్చి సూస్తే ఏం లేదు. నీళ్లు వద్దని, నొప్పి లేదని తల ఊపుతది. బటన్ తీసి పక్కకు పెడ్త" అంది.

కాసేపు ఉంచమని చెప్పి మంచం పక్కనే కూర్చున్నాను. సిస్టరమ్మ నన్ను గుర్తుపట్టింది, కళ్లలో తెలిసింది. కానీ ఆమె చూపు నా మీద నిలవలేదు. కొంతసేపటికి పక్క మంచం మీది ముసలామె ఆపుకోలేనట్టు దగ్గింది. వెంటనే సిస్టరమ్మ వేలు బటన్ మీద పడింది. నేను లేచి పక్క మంచం దగ్గరికి వెళ్లాను. దగ్గు ఊపుకు ముసలామె ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం జారి గడ్డం కిందికి వచ్చేసింది. పెదవులు నల్లబడుతున్నాయి. నర్సును పిలిచాను. ఆ పిల్ల పరుగున వచ్చి గొట్టం సరిచేసి, ప్లాస్టర్ అంటించి, తర్వాత సిస్టరమ్మ వైపు తిరిగి చాలాసేపు చూసింది. బటన్ తీయలేదు. దాన్ని ఆమె వేళ్లకు ఇంకొంచెం దగ్గరగా జరిపింది.

ఆ తర్వాత సిస్టరమ్మ ఎన్నాళ్లో బతకలేదు. ఇప్పుడు మా సెక్షన్‌లో నా కింద పాతికమంది దాకా పనిచేస్తున్నారు. ఎవరో ఒకరి గురించి ఊరికే గొడవ పెడుతుందని, ఊరికే పిలుస్తుందని చెబుతూనే ఉంటారు. నేను వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడతాను. ఆమె ముఖం వైపు కాదు, ఆమె చూస్తున్న వైపు చూస్తాను.