ఆరోగ్యం పట్టిన మడి

తైవాన్‌లోని పూలీ ఊళ్లో బీహా నలభై ఏళ్లుగా నీటిమడిలో పెరిగే నీటివెదురు అనే గడ్డిజాతి పైరు పండిస్తోంది. దాని కాండం బూజు తెగులు సోకితేనే ఉబ్బుతుంది. ఆ ఉబ్బే కూర. తెగులును తట్టుకున్న మొక్క ఒట్టి గడ్డి. అది కనిపిస్తే చాలు, "నీకు ఒళ్లు కొవ్వెక్కిందే!" అని పీకి గట్టున పారేస్తుంది.

ఈసారి ఆవిడ ఊళ్లో లేనప్పుడు, సాయం చేద్దామని పట్నం అల్లుడు జిన్‌హో మడంతా తెగులు మందు కొట్టాడు. నెల తిరిగినా ఒక్క కాండమూ ఉబ్బలేదు.

"తెగులంతా పోయింది అత్తమ్మా!" అన్నాడు పళ్లికిలిస్తూ.

"దాంతోపాటు నా పంటా పోయింది! నిన్నెవడు వైద్యం చెయ్యమన్నాడయ్యా?"

మడంతా అతనిచేతే పీకించి, బుట్ట చేతికిచ్చింది.

"పో, ఇంటింటికీ తిరిగి తెగులు సోకిన పిలకలు అడుక్కురా, మళ్లీ నాటాలి. ఎందుకని అడిగితే, మా అత్త మడికి ఆరోగ్యం పట్టుకుందని చెప్పు!"