వేలు పట్టేంత సందు

పక్కింటి పెదనాన్న పోయి తొమ్మిది రోజులయింది. కబురు విని నేను ఏడుస్తుంటే, పెళ్ళి ఇష్టం లేక ఏడుస్తున్నానని మా ఇంట్లో తేల్చేశారు. అబ్బాయి నచ్చలేదా అని మేనత్త చెవిలో అడిగింది. ఇన్నేళ్ళూ వాళ్ళ కళ్ళ ముందే పెరిగాను. నాది ఏ ఏడుపో వాళ్ళకు తెలియదు. పెళ్ళికూతురు శవాన్ని చూడకూడదని గేటుకు తాళం కూడా వేశారు.

ఆయన మాకు చుట్టం కాదు. మాచర్ల వైపు నాపరాయి క్వారీల్లో పనిచేసి, తర్వాత ఇళ్ళకు బండలు పరిచేవాడు. ప్రతి బండనూ వేలి కణుపుతో తట్టి, చెవి వంచి వినేవాడు. గుల్లగా మోగితే పక్కన పెట్టేసేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గు ఆగినప్పుడే మాట్లాడేవాడు.

ఆయన పోకముందు ఒకరోజు, పెళ్ళిలో ఇద్దరూ ఒకటయ్యే తంతు అంటూ మా పెళ్ళి ఏర్పాట్లు చూసే ఈవెంట్ అతను ఒక గాజు సీసా చూపించాడు. రెండు రంగుల ఇసుక కలిపి పోయాలట. ఇక ఎవరూ విడదీయలేరట. అత్తారింట్లో కలిసిపోవడమంటే అదేనని మావాళ్ళు మురిసిపోయారు. ఆ మాట వినీ వినీ విసిగిపోయి ఉన్నాను. ఒళ్ళు మండి పెదనాన్నతో చెప్పాను. ఆయన నవ్వి, దగ్గి, మా వాకిట్లో బండల మధ్య గీత చూపించాడు.

"ఇదేందో తెలుసా? బండకీ బండకీ వేలు పట్టేంత సందియ్యాల. ఆనించి పరిస్తే మన ఎండలకి ఒకదాన్నొకటి ఎత్తేస్తయ్యి. సందిచ్చినయ్యే చానా ఏళ్ళుంటయ్యమ్మా."

కాలేజీలో నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. అయితే రెండు బండలు చెక్కివ్వమని, పెళ్ళిలో మధ్య సందుంచి మేమిద్దరం చెరొకదాని మీదా నిలబడతామని అన్నాను.

"బండలు నేను చేస్తా. మీ నాయన తన్నులు నువ్వు తినాల."

పెళ్ళికొడుక్కి ఫోన్‌లో చెబితే, తన పాదాలు పెద్దవి కాబట్టి పెద్ద బండ తనదే అన్నాడు.

ఒక బండ పూర్తయింది. రెండోది సగంలో ఉండగా పెదనాన్న పోయాడు.

"చచ్చినోడి చేతిపని పందిట్లోకి ఎట్టా తెస్తావే? పైగా మధ్యలో సందంట. విడిపోయేదానికి గుర్తు," అన్నాడు నాన్న.

ఆ పందిరి వేసేది ఆయన పరిచిన వాకిట్లోనే. రోజూ తెల్లారి నాన్న కాలు పెట్టేది ఆయన చేతిపని మీదే. అది మాత్రం అరిష్టం కాదు.

నిన్న గేటు తాళం తీసి వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మ గోనెసంచి తొలగించి బండలు చూపించింది. రెండోదానికి మూడంచులు నున్నగా ఉన్నాయి. నాలుగోదాని మీద ఉలి గుర్తులు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. కణుపుతో తట్టి విన్నాను. గుల్ల లేదు.

సీసా వద్దని ఈవెంట్ అతనికి చెప్పేశాను. రెండు బండలూ పందిట్లోకి వస్తాయి. ఆ గరుకు అంచు సందు వైపు ఉంటుంది. దాన్ని నున్నగా చేయించను.