బాగా వచ్చినాది

మా హాస్టల్లో అంతస్తుకు ఒక ఫోను ఉండేది. నడవా చివర, బట్టలుతికే యంత్రం పక్కన, గోడకు తగిలించి ఉండేది. అది మోగితే దగ్గరున్నవాళ్ళు ఎత్తి, ఎవరికోసమో కనుక్కుని, ఆ గది తలుపు తట్టాలి. ఆ ఏడాది అది మోగినప్పుడల్లా నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని. గరిటె చేతిలో ఉంటే గరిటెతోనే, పుస్తకం ముందుంటే చదువుతున్న వాక్యం మీద వేలు పెట్టి, అడుగుల చప్పుడు ఏ గది వైపు వస్తోందో వినేదాన్ని. నా తలుపు దాటిపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని. మిగతా పిల్లలంతా ఇంటి నుంచి ఫోను వస్తే బాగుండునని చూసేవాళ్ళు. నేనొక్కదాన్నే రాకపోతే బాగుండునని మొక్కుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. జర్మనీలో ఒక చిన్న పట్టణంలో భూగర్భ జలాల మీద పై చదువు చదువుతున్నాను. అనంతపురం జిల్లాలో గుమ్మఘట్ట వైపు కరువు పల్లె నుంచి వచ్చినదాన్ని, నీళ్ళ గురించి కాక ఇంక దేని గురించి చదువుతాను? అక్కడ వారానికి అయిదు రోజులు వాన. జనం వానను తిట్టుకుంటూ తిరిగేవాళ్ళు. మొదట్లో వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండేది. రెండో ఏటికి నేనూ తడిసిన బూట్లు హీటరు మీద ఆరబెట్టుకుంటూ వాళ్ళతో కలిసి తిట్టడం నేర్చుకున్నాను.

పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ప్రయోగశాల, సాయంత్రం అందరికీ ఉమ్మడిగా ఉన్న వంటగదిలో అన్నం, అందులోకి ఇంటి నుంచి తెచ్చుకున్న చెనిక్కాయల పొడి. ఎదురుగదిలో ఉండే ఇథియోపియా అమ్మాయి ఆ పొడి కోసమే నా పక్కన కూర్చునేది. ఫోను ఎక్కువగా ఎత్తేది కూడా ఆ అమ్మాయే. మంచి రోజులే అవి. ఆ ఎండాకాలం థీసిస్ పేరు చెప్పి మా ఊరికి పోకుండా ఉండి ఉంటే చివరిదాకా మంచి రోజులుగానే ఉండేవి.

మా నాయనకు ఒక తమ్ముడు. నాకు చిన్నాయన. నేను పెద్దయ్యాక మా నాయన ఉద్యోగం చూసుకుని అనంతపురం చేరితే, చేను చూసుకుంటూ ఊళ్ళో ఉండిపోయింది ఆయనే. చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టాడు. చెట్లు కాపుకొచ్చే వేళకు ఉన్న మూడు బోర్లూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. "ఇంకొక్కటి వేస్తా. అది పడకుంటే చెట్లు నరికేస్తా" అని నేను ఊరు చేరిన రాత్రి చాలా మామూలుగా చెప్పాడు, అన్నం కలుపుకుంటూ. ఆ మాటకు మా చిన్నమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు కొలతలు కావాలి, ఆయనకు చేను ఉంది. విశ్వవిద్యాలయం వాళ్ళిచ్చిన పెట్టె ఒకటి వెంట తెచ్చుకున్నాను. నేలలో నాలుగు ఇనుప చువ్వలు వరుసగా దిగ్గొట్టి, వాటి ద్వారా భూమిలోకి కరెంటు పంపిస్తే, అది ఎంత సులువుగా పోతోందో పెట్టె చెబుతుంది. చువ్వల్ని దూరం జరుపుకుంటూ పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. మధ్య బిందువు మాత్రం కదలకూడదు. అందుకని చిన్నమ్మనడిగి సున్నం తీసుకుని, అక్కడ ఒక గుర్తు పెట్టాను.

నేల ఎంత ఎండిపోయిందంటే చువ్వలు నేలను పట్టుకోలేదు. వాటి మొదట్లో ఉప్పునీళ్ళు పోస్తే తప్ప కరెంటు దిగదు. చిన్నాయనే బిందె మోసుకొచ్చి పోశాడు.

"నీళ్ళు యాడుండాయో చూసేకి నీళ్ళు పోయల్నా? మీ యూనివర్సిటీ బలే తెలివైందమ్మా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ పూట తీసిన అంకెలన్నీ అక్కడే కాగితం మీద చుక్కలు పెట్టి కలిపాను. ఎక్కడా తొణక్కుండా, ఒక్క చుక్క పక్కకు పోకుండా, గీత నిటారుగా పైకి లేచింది. అలాంటి గీత పుస్తకాల్లో చూడటమే గానీ నా చేతుల మీదుగా ఎప్పుడూ రాలేదు. నా ముఖం చూసి చిన్నాయన దగ్గరికొచ్చాడు.

"ఎట్లుండాదమ్మా?"

"బాగా వచ్చినాది చిన్నాయనా. చానా బాగా వచ్చినాది."

ఏమి వచ్చినాదో చెప్పలేదు. మన భాషలో చెప్పాల్సిన పనిలేదు, మాట్లాడుకునే ఇద్దరికీ తెలిసిన సంగతే కదా అని కర్తను వదిలేస్తాం. నేను వదిలేసింది రీడింగును. ఆయన పెట్టుకున్నది నీళ్ళను. ఆ గీత నిటారుగా లేచిందంటే అడుగున గట్టి రాయి తప్ప ఇంకేమీ లేదని అర్థం. ఆ సంగతి తిరిగి వెళ్ళాక తీరిగ్గా రాసి పంపిద్దామనుకున్నాను. రాయలేదు.

ఇంకో తప్పు కూడా నాదే. మా వైపు నీళ్ళు చూసేవాళ్ళు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. టెంకాయ నిలబడిన చోట సున్నంతో గుర్తు పెడతారు. దాన్ని పాయింటు అంటారు. పాయింటు పెట్టారంటే ఇక అక్కడ బోరు వేయాల్సిందే. ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఇది నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు మాత్రం నేను ఊరిదాన్నన్న సంగతి మర్చిపోయాను.

అక్టోబరులో ఒక సోమవారం మధ్యాహ్నం ఇథియోపియా అమ్మాయి నా తలుపు తట్టింది. రాయదుర్గంలో ఎస్.టి.డి. బూత్ నుంచి చిన్నాయన.

"నువ్వు పెట్టిన పాయింట్లో బోరు వేపిస్తాండామ్మా. శుక్రవారం బోరు బండి వస్తాది."

"పాయింటా?"

"అదే, సున్నం పెట్టినావు కదా. చెరిగిపోతాదని రాయి పాతి పసుపు కుంకం పెట్టినాం. మీ చిన్నమ్మ దినామూ దీపం పెడతాది. నీకు చెప్పకుండా ఎట్ల వేపిస్తామని ఫోన్ చేసినా."

లైను తెగిపోయింది. బట్టలుతికే యంత్రం తిరుగుతూనే ఉంది. దానిలో ఎవరివో ఎర్ర మేజోళ్ళు గాజుమూతకు తగిలి వెనక్కి పోతుంటే చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాను.

నాలుగు రోజులున్నాయి. ఒక్క వాక్యం చెబితే చాలు: ఆడ నీళ్ళు లేవు చిన్నాయనా, బోరు వేయొద్దు. పిల్లకాయలు కూడా చెప్పగలరు. కానీ ఆ మాట వెనకనే ఇంకో మాట చెప్పాలి, మరి బాగా వచ్చినాదని ఎందుకన్నావంటే ఏం చెప్పాలి? మా ఇంటి నుంచి సముద్రం దాటి చదువుకోను పోయిన మొదటి మనిషిని. నేను చెప్పిందల్లా వేదమని ఊరంతా చెప్పుకునే చిన్నాయన ముందు, నాకు మాట్లాడటం చేతకాలేదని ఎట్లా ఒప్పుకోను? సిగ్గు అనుకున్నాను అప్పుడు. సిగ్గు కాదు, భయం.

మంగళవారం క్లాసులో ప్రొఫెసరు నా గీతను తెరమీద పెద్దదిగా వేశాడు. కొలతలంటే ఇలా ఉండాలి, ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి అన్నాడు. పిల్లలు బల్లల మీద వేళ్ళతో తట్టారు, అక్కడ చప్పట్లకు బదులు అదే పద్ధతి. ఆ టకటక ఆగేదాకా నేను తల వంచుకుని నోట్సు పేజీలు తిప్పాను.

బుధవారం ఫోను కార్డు కొనుక్కుని మా ఊళ్ళో అంగడికి ఫోన్ చేశాను. ఎవరో పరిగెత్తి చిన్నాయనను పిలుచుకొచ్చారు. బండి వాళ్ళకు వంట ఏం చేయాలో చిన్నమ్మ చెబుతోందట, పాయసం చేద్దామంటోందట. ఎన్నాళ్ళకో ఆయన అంత సంతోషంగా మాట్లాడటం విన్నాను.

"నువ్వేమో చెప్పేకి చేసినట్లుండావే?" అని ఆయనే అడిగాడు.

"చిన్నమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లుండాయని" అన్నాను.

కార్డులో ఒక్క నిమిషమే మిగిలిందని ఆడగొంతు చెప్పింది. ఆ నిమిషమంతా మోకాళ్ళ గురించే మాట్లాడాను. గురువారం మళ్ళీ కార్డు కొన్నాను గానీ దాని నంబరు మీది వెండిపూత గీకలేదు. శుక్రవారం బండి వచ్చే వేళకు లైబ్రరీలో కూర్చుని ఒకే పేజీ చదివాను. మా వైపు ఆ ఏళ్ళలో ఇట్లాంటివి ఎట్లా ముగిసేవో నాకు తెలుసు. చెట్లకు కొట్టే మందు డబ్బా చిన్నాయన కొట్టంలో ఏ గూట్లో ఉంటుందో కూడా తెలుసు. అటు పోవద్దని చెప్పి పెంచారు కాబట్టి తెలుసు.

శనివారం తలుపు చప్పుడైంది. చెప్పులు కూడా వేసుకోకుండా నడవా చివరికి పోయి ఫోను అందుకున్నాను.

"పడినాయమ్మా" అన్నాడు చిన్నాయన. "రెండించుల నీళ్ళు."

ప్రాణం లేచొచ్చింది. నా పెట్టె తప్పు, నా చదువు తప్పు, ప్రొఫెసరు తప్పు, అందరం తప్పే అయితే ఎంత బాగుంటుంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో లోపలున్న చదువుకున్న పిశాచం ఊరుకోక అడిగింది.

"మొదట్లో ఎర్రమన్ను ఎంత లోతు పోయినాది చిన్నాయనా?"

"ముప్పై అడుగులు ఉంటాదిలే."

నా గీత ప్రకారం అక్కడ నాలుగడుగుల్లో రాయి తగలాలి. రాయి లోతు విషయంలో ఆ పెట్టె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"నీళ్ళు తీపేనా?" అన్నాను.

"టెంకాయ నీళ్ళే అనుకో. నువ్వు పరీక్షలు బాగా రాయి."

"సంతోషం చిన్నాయనా" అన్నాను.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు అట్లాగే గడిచాయి. ఎప్పుడు మాట్లాడినా ఆయన నీళ్ళ గురించి ఏదో ఒకటి చెప్పేవాడు, చెట్లు చిగురేశాయనో, పక్క చేనాయన వచ్చి చూసిపోయాడనో. ఆయన ఎంత బాగా చెబితే నాకు అంత భయం వేసేది. నాయనను అడిగితే నిజం తెలిసిపోయేది. నా తప్పు కూడా తెలిసిపోయేది. అందుకని "చిన్నాయన ఎట్లుండాడు?" అని మాత్రం అడిగేదాన్ని. "బాగుండాడు" అనేవాడు నాయన. ఆ మాట మీద నాకు నమ్మకం పోయి చాలా రోజులైంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చాక మిగిలిన కొలతల కోసం ఊరికి వెళ్ళాను. చిన్నాయన ఇంట్లో లేడు. కాఫీ కూడా తాగకుండా చేనికి నడిచాను. చీనీ చెట్లు నిలబడే ఉన్నాయి, ఆకులు మాత్రం ముడుచుకుని, చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. నేను సున్నం పెట్టిన చోట నేల మీదికి జానెడు గొట్టం, దాని మూతి మీద బండ. మోటరు లేదు, కరెంటు తీగె లేదు. బండ పక్కకు జరిపి చిన్న గులకరాయి ఒకటి లోపల వేశాను. నీళ్ళున్న బోరైతే చివర్లో బుళుక్కుమంటుంది. రాయి గోడలకు తగులుకుంటూ, తగులుకుంటూ, ఎక్కడో అడుగున పొడిగా ఆగిపోయింది.

"వినపడినాదా?" అన్నాడు వెనకనుంచి చిన్నాయన. ఎప్పుడొచ్చాడో.

"వినపడినాది."

"నాలుగడుగులకే రాయి తగిలినాది. బండోడు చాలిద్దామన్నాడు. నేనే, పోనీ పోనీ అన్నా. మా పాప బాగా వచ్చినాదని చెప్పి పోయినాది, ఇంకా పోనీ అన్నా. కడాకు తెల్లదుమ్మే. మీ చిన్నమ్మ పెట్టిన పసుపు గూడా కనపడలే."

"మరి పడినాయని చెప్పినావే?"

"ఇంకేం చెప్పల్ల? ఒంటిగా ఉండావు ఆడ."

చెప్పేశాను. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "నేను బాగా వచ్చినాదన్నేది రీడింగు చిన్నాయనా. నీళ్ళు కాదు. కాయితం మీద గీత."

"గీతా" అన్నాడు. "మోకాళ్ళ సంగతి అడిగేకి ఫోన్ చేసినావు కదా. అప్పటికే తెల్సునా?"

"తెల్సు."

"చెప్పకపోతివే."

"భయమైనాది."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "నాకూ అయినాది, ఆ దుమ్ములో నిల్చుకున్నెప్పుడు" అన్నాడు. అంతే. బండ తెచ్చి గొట్టం మీద జాగ్రత్తగా పెట్టాడు, పిల్లకాయలు పడతారని.

తర్వాత చెట్ల మధ్య నడవడం మొదలుపెట్టాడు. నేను వెనక నడిచాను.

"యాడుండాయో నిన్ను అడగనులే. యాడ లేవో చెప్పు. వచ్చినాది పోయినాది అని గాదు, ఉండేది ఉన్నట్టు చెప్పు." ఒకచోట ఆగి కాలితో నేల తట్టాడు. "ఈడ?"

"ఈడ నీళ్ళు లేవు చిన్నాయనా."

"ఈడ?"

"ఈడా నీళ్ళు లేవు."

పోయినేడు నేను చువ్వలు దిగ్గొట్టి కొలిచిన చోట్లన్నీ ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. అన్నింటికీ ఒకే జవాబు చెప్పాను, ప్రతిసారీ వాక్యం పూర్తిగా. అలా చెబుతుంటే ఒంట్లో భయం కొంచెం కొంచెంగా దిగుతున్నట్టు అనిపించింది. చివరకు చేను తూర్పు మూలకు చేరాం. పెట్టె తీగె అంతదూరం చాలక అక్కడ నేను కొలవలేదు.

"ఈడ?"

నిజమే చెప్పాలనుకున్నాను. "ఈడ నాకు తెల్దు చిన్నాయనా."

"తెల్దు" అన్నాడు. ఆ మాటను నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నట్టు ఇంకోసారి అన్నాడు. నేను ఇంకేమైనా అనేలోగా వంగి, గట్టు మీది రాయి ఒకటి తీసి, పాయింటు గుర్తులా అక్కడ పెట్టాడు.